ఆడపిల్లా, మగపిల్లాడా? – హార్మోన్లు చేసే పని

ప్రసూతి వార్డులో పనిచేసే మా అందరికీ బాగా అలవాటైన ప్రశ్న ఒకటుంది. లేబర్ రూము తలుపు కొంచెం తెరుచుకుంటే చాలు, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి లేచి "ఏం పిల్ల సిస్టరమ్మా?" అని అడుగుతారు. తల్లి ఎలా ఉందన్న మాట ఆ తర్వాత వస్తుంది. దాని గురించి చెప్పుకోవలసింది చాలా ఉంది గాని, ఇప్పుడు కాదు. మామూలుగా మేము ఒక్క మాటలో జవాబు చెప్పి లోపలికి వెళ్లిపోతాం. ఎప్పుడో ఒకసారి మాత్రం, ఆ ఒక్క మాట వెంటనే చెప్పలేని బిడ్డ పుడుతుంది. మా సర్వీసులో అలాంటి బిడ్డలను కొందరిని చూశాం. వారిలో ఒక పాప సంగతి ఇక్కడ చెబుతాం. ఆ కుటుంబం అనుమతితోనే, గుర్తుపట్టడానికి వీలులేకుండా వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాం.

పదహారేళ్ల కిందట ఒక సాయంత్రం పన్నెండు రోజుల బిడ్డను మా దగ్గరకు తెచ్చారు. కాన్పు వేరేచోట జరిగింది. బాబు పుట్టాడని అక్కడ చెప్పారు, ఊరంతా మిఠాయిలు పంచారు. వారం తిరిగేసరికి బిడ్డ పాలు తాగడం మానేసి, తాగిన కాసిని వాంతి చేసుకోవడం మొదలుపెట్టాడు. నాయనమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. మా దగ్గరకు వచ్చేసరికి మాడు లోతుకు పోయి, కళ్లు గుంటలు పడి, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా ఉన్నాడు. తల్లి మాతో అన్న మొదటి మాట ఇది. "అమ్మా, మొదటి బాబు కూడా ఇట్లాగే ఇరవయ్యో రోజున పోయాడు."

బట్టలు విప్పి బరువు తూస్తుంటే మా సిస్టరుకు అనుమానం వచ్చింది. చూడ్డానికి మగబిడ్డలాగే ఉన్నాడు కానీ, సంచిలో వృషణాలు చేతికి తగల్లేదు. రక్త పరీక్షలో సోడియం బాగా తక్కువ, పొటాషియం బాగా ఎక్కువ. మా పిల్లల డాక్టరుగారు వెంటనే సెలైను పెట్టించి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ఇప్పించారు. తెల్లవారేసరికి బిడ్డ గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని వార్డులో ఉన్నవాళ్లమంతా ఊపిరి పీల్చుకున్నాం. రెండో రోజు స్కానింగులో గర్భాశయం, అండాశయాలు స్పష్టంగా కనిపించాయి. బాబు కాదు, పాప.

ఆ మాట విన్న తల్లి గోడవైపు తిరిగి కూర్చుంది. తండ్రి "ఊళ్లో అందరికీ చెప్పేశాం సిస్టరమ్మా, ఇప్పుడు ఏమని చెప్పాలి?" అన్నాడు. నాయనమ్మ మాత్రం కోడలివైపు చూసి "ఏ పాపం చేసిందో" అని గొణిగింది. పాపం ఎవరూ చేయలేదు. జరిగింది హార్మోన్ల వల్ల. అదెలాగో కొంచెం వెనక్కు వెళ్లి చెప్పుకోవాలి.

కోడిపుంజు నేర్పిన పాఠం

సంక్రాంతికి బరిలో దిగే పుంజును చూడనివాళ్లు మన వైపు తక్కువ. ఎర్రటి జుట్టు, గొంతు చించుకుని కూయడం, ఎదుటి పుంజు కనిపిస్తే మెడ ఈకలు నిక్కబొడుచుకుని మీదికి పోవడం, ఇవన్నీ దాని పుట్టుక గుణం అనుకుంటాం. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు కొన్ని పుంజుపిల్లల వృషణాలు తీసేశాడు. జుట్టు పెరగలేదు, కూత రాలేదు, పోట్లాట పోయింది. మరికొన్నిటికి అలా తీసిన వృషణాన్ని పొట్టలో వేరేచోట పెట్టి కుట్టేశాడు. దానికి పాత నరాల సంబంధం ఏమీ లేదు. అయినా ఆ పుంజులకు జుట్టు ఎర్రబడింది, కూశాయి, పెట్టల వెంట పడ్డాయి, కొట్లాడాయి. అంటే ఆ అవయవం నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, మెదడుకు కూడా చేరుతోందన్నమాట.

ఆ పదార్థాలకు హార్మోన్ అనే పేరు 1905లో లండన్‌లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త వాడాడు. గ్రీకు భాషలో ఆ మాటకు 'కదిలించేది, ప్రేరేపించేది' అని అర్థం. మన ఒంట్లో ఇవి చాలా తక్కువ మోతాదులో ఉంటాయి. కానీ ఒక్క చుక్క తోడు గిన్నెడు పాలను పెరుగుగా మార్చినట్టు వీటి పని కూడా పరిమాణాన్ని బట్టి ఉండదు.

కడుపులో ఏం జరుగుతుంది?

ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. ఎక్స్ వస్తే ఆడ, వై వస్తే మగ. (వరసగా ఆడపిల్లలు పుట్టారని కోడళ్లను సాధించే అత్తగార్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.) అయితే మొదటి ఆరు వారాల వరకు ఏ బిడ్డనైనా చూసి ఆడో మగో చెప్పలేం. లోపల ఉన్న అవయవాల మొలకలు ఇద్దరికీ ఒకటే. వై క్రోమోజోము మీద ఒక జన్యువు ఉంది, దాన్ని 1990లో కనిపెట్టారు. అది పనిచేస్తే ఆ మొలక వృషణంగా మారుతుంది. దాదాపు ఎనిమిదో వారం నుంచి ఆ వృషణం టెస్టోస్టిరాన్ అనే హార్మోను తయారుచేస్తుంది. మగ జననాంగాలు రూపం తీసుకునేది దానివల్లే.

ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే శాస్త్రవేత్త, తల్లి కడుపులో ఉన్న కుందేలు పిల్లలకే ఆపరేషను చేసి ఈ సంగతి తేల్చాడు. 1947లో ప్రకటించాడు. ఇంకా రూపం రాకముందే వృషణాలు తీసేస్తే మగ కుందేలు పిల్ల కూడా ఆడపిల్లలాగే తయారైంది. దీన్నిబట్టి, బయటి అవయవాల రూపం ఆ కొద్ది వారాల్లో ఏ హార్మోను ఎంత అందింది అన్నదాని మీద ఆధారపడుతుందని తెలుస్తుంది.

ఇప్పుడు మన పాప దగ్గరకు వద్దాం. రెండు మూత్రపిండాల మీద టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. జ్వరం, దెబ్బ, ఆకలి వంటి కష్టాలను శరీరం తట్టుకోవడానికి కార్టిసాల్, ఒంట్లో ఉప్పు నిలవడానికి ఆల్డోస్టిరాన్ అక్కడే తయారవుతాయి. ఈ తయారీకి 21 హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి. కొందరు బిడ్డల్లో పుట్టుకతోనే అది పనిచేయదు. కార్టిసాల్ చాలడంలేదని మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి 'ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి' అని తరుముతూనే ఉంటుంది. పాపం అడ్రినల్ గ్రంథి ఉబ్బిపోయి, తాను చేయగలిగినదే చేస్తుంది. అలా ఎక్కువగా తయారయ్యేవి మగ హార్మోన్లు. కడుపులో ఉన్నది ఆడబిడ్డ అయితే ఆ హార్మోన్ల వల్ల బయటి అవయవాలు మగబిడ్డలా మారతాయి. లోపల గర్భాశయం, అండాశయాలు మాత్రం చక్కగా ఉంటాయి.

దీన్ని డాక్టర్లు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అంటారు, పొట్టిగా సి.ఎ.హెచ్. ఇక్కడ పాఠకులు జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆడబిడ్డకైతే బయటికి గుర్తు కనిపిస్తుంది. మగబిడ్డకు ఏ గుర్తూ ఉండదు. పుట్టినప్పుడు బంగారంలా ఉంటాడు. రెండు మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు నిలవక వాంతులు, నీరసం, చివరకు ప్రాణం పోవడం. దాన్ని వాంతులూ విరేచనాలూ అనుకుంటారు, లేకపోతే దిష్టి అనుకుంటారు. ఆ తల్లి పోగొట్టుకున్న మొదటి బాబుకు ఏ పరీక్షా జరగలేదు గనుక మేము గట్టిగా చెప్పలేం. కానీ డాక్టరుగారి అనుమానం అదే.

భారత వైద్య పరిశోధనా మండలి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు నగరాల్లో లక్ష మందికి పైగా పసిపిల్లలకు పరీక్ష చేయించినప్పుడు, సుమారు 5,760 మందికి ఒకరిలో ఈ జబ్బు కనిపించింది. విదేశాల్లో సాధారణంగా చెప్పే లెక్క పదిహేను వేలకు ఒకరు. తల్లిదండ్రులిద్దరిలోనూ చెడిన జన్యువు దాగి ఉంటేనే బిడ్డకు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తసంబంధంలో పెళ్లి జరిగితే ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. మేము చెబుతున్న పాప తల్లి తన సొంత మేనమామను చేసుకుంది. బయటి సంబంధాల్లోనూ ఈ జబ్బు వస్తుంది గనుక, మేనరికం చేసుకున్నవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట రాయడంలేదు. కుటుంబంలో ఒక పసిబిడ్డ ఇలా పోయి ఉంటే, తర్వాతి కాన్పుకు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. దాచకండి. బిడ్డ పుట్టిన మూడో రోజున మడమ దగ్గర గుచ్చి తీసే కొద్ది చుక్కల రక్తంతో 17 ఓ.హెచ్.పి. అనే పరీక్ష చేయవచ్చు.

పసిపిల్లల హార్మోన్ల మాట వచ్చింది గనుక ఇంకొకటి. పుట్టిన మొదటి రోజుల్లో ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా రొమ్ములు కొంచెం ఉబ్బి, ఒక్కో చుక్క పాలు రావచ్చు. తల్లి హార్మోన్లు బిడ్డ రక్తంలో మిగిలి ఉండటమే దీనికి మొదటి కారణం. కొందరు ఆడపిల్లలకు ఆ వారంలో నాలుగు చుక్కల రక్తం కూడా కనిపిస్తుంది. అవి వాటంతట అవే పోతాయి. మన పెద్దవాళ్లు మాత్రం స్నానం చేయించేటప్పుడు 'పిండకపోతే గడ్డ కడుతుంది' అని ఆ రొమ్ములను పిండుతారు. పిండటం వల్లే గడ్డ కడుతుంది. చీము పట్టి, కోసి తీయవలసివచ్చిన పసిబిడ్డలను మేము చూశాం. దయచేసి ముట్టుకోవద్దు.

మెదడు మాటేమిటి?

కడుపులో హార్మోన్లు అవయవాలను మార్చినట్టే మెదడును కూడా మారుస్తాయా? 1959లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఫీనిక్స్, గాయ్, జెరాల్, యంగ్ అనే నలుగురు ఈ ప్రశ్న మీద పనిచేశారు. చూలుతో ఉన్న గినీ పందులకు టెస్టోస్టిరాన్ ఇచ్చారు. పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఆడ గినీ పందుల్లా జత కట్టలేదు, చాలావరకు మగవాటిలా ప్రవర్తించాయి. అదే హార్మోను పెద్ద వయసులో ఇస్తే అలాంటి శాశ్వతమైన మార్పు రాలేదు. ఇల్లు కట్టేటప్పుడు గోడలో వైర్లు లాగుతారు, గృహప్రవేశమయ్యాక స్విచ్చి వేస్తారు. హార్మోన్లు మెదడులో రెండు పనులూ చేస్తాయి. వైరింగు పుట్టకముందు, స్విచ్చి వేయడం ఈడు వచ్చాక.

మనుషుల మీద అలాంటి ప్రయోగం చేయకూడదు, చేయలేరు. సి.ఎ.హెచ్. ఉన్న ఆడపిల్లలు ఈ విషయంలో మనకు చాలా తెలియజేశారు. 1992లో బెరెన్‌బామ్, హైన్స్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు ఆ పిల్లలను రకరకాల బొమ్మల మధ్య వదిలి చూశారు. తమ అక్కచెల్లెళ్లతో పోలిస్తే వీళ్లు కార్లు, లారీల వంటి బొమ్మలతో ఎక్కువసేపు ఆడుకున్నారు. తల్లిదండ్రులే అలా పెంచి ఉంటారని కొందరు అన్నారు. 2005లో పాస్టర్‌స్కీ అనే పరిశోధకురాలి బృందం అది కూడా చూసింది. తల్లిదండ్రులు ఈ పిల్లలను బొమ్మలవైపు, వంటసామానువైపు ఇంకా ఎక్కువగానే ప్రోత్సహిస్తున్నారు. అయినా ఆ పిల్లల చేయి కారుమీదికే పోతోంది. మా పాప కూడా అంతే. వార్డుకు వచ్చినప్పుడల్లా సెలైను స్టాండు చక్రాలు విప్పడానికి కూర్చునేది.

అయితే ఆటల మీద ఇష్టం వేరు, 'నేను ఎవరు' అన్న భావం వేరు. ఆడపిల్లలుగా పెరిగిన సి.ఎ.హెచ్. పిల్లల్లో చాలా ఎక్కువమంది పెద్దయ్యాక తాము ఆడవాళ్లమనే చెబుతారు. కొద్దిమంది వేరుగా చెబుతారు. వారిని కూడా ఓపికతో వినాలి. చెట్లెక్కే ఆడపిల్లలందరికీ జబ్బు ఉందని గాని, బొమ్మలాట ఆడే మగపిల్లాడికి ఏదో లోపమని గాని అనుకోకండి. ఇవన్నీ సగటు లెక్కలు. 2015లో టెల్ అవీవ్ నుంచి దఫ్నా జోయెల్ బృందం 1,400కు పైగా మెదడు స్కానింగులు చూసి చెప్పింది కూడా అదే. మొత్తం ఆడ లక్షణాలే ఉన్న మెదడు, మొత్తం మగ లక్షణాలే ఉన్న మెదడు చాలా అరుదు. ఎక్కువమందిలో రెండూ కలగలిసి ఉంటాయి.

పెంపకంతోనే అంతా సాధించవచ్చనుకున్న రోజులు కూడా ఉన్నాయి. కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రీమర్ కథ ప్రపంచమంతా తెలిసినదే. కవల మగపిల్లల్లో ఒకడు. నెలల పిల్లాడిగా ఉండగా సున్తీలో జరిగిన ప్రమాదంలో పురుషాంగం పోయింది. జాన్ మనీ అనే పేరుపొందిన నిపుణుడి సలహాతో అతణ్ని ఆడపిల్లగా పెంచారు, గౌన్లు వేశారు, హార్మోన్లు ఇచ్చారు. ఈ ప్రయత్నం ఫలించిందని మనీ 1972లో రాశాడు. ఇంట్లో మాత్రం ఆ బిడ్డ ఒక్కరోజు కూడా సుఖపడలేదు. పద్నాలుగేళ్ల వయసులో తండ్రి నిజం చెప్పేసరికి మళ్లీ మగవాడిగా బతకడానికి నిశ్చయించుకున్నాడు. ఆ నిజం 1997లో వైద్య పత్రికలో బయటపడింది. 2004లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు.

మా పాప తండ్రి కూడా మూడో రోజునే "ఆపరేషను చేసి సరిచేసేయండి" అన్నాడు. డాక్టరుగారు "ప్రాణానికి కావలసింది మందు, అది మొదలైంది. కోయడానికి తొందరలేదు, పెద్ద సెంటర్లో నిదానంగా చూపిద్దాం" అని చెప్పారు. ఆ రోజు మాలో కొందరికి అది నచ్చలేదు, నిజం చెప్పాలి. ఊళ్లో ఆ బిడ్డకు స్నానం చేయించేది ఎవరు, చూసేది ఎవరు అని మేమూ భయపడ్డాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఆగడమే మంచిదైంది. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చాక, తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది.

ఈడు వచ్చినప్పుడు

పుట్టిన కొన్ని నెలల తర్వాత ఈ హార్మోన్లు నిద్రపోతాయి. మళ్లీ లేచేది ఎనిమిదీ పదమూడేళ్ల మధ్య ఆడపిల్లల్లో, తొమ్మిదీ పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల్లో. లేపేది మెదడే. హైపోథాలమస్ అనే చోట కొన్ని కణాలు గంటకో గంటన్నరకో ఒకసారి చిన్న సంకేతం పంపుతాయి. పీయూష గ్రంథి దాన్ని అందుకుని అండాశయాలకు, వృషణాలకు కబురు చేస్తుంది. ఆ కణాలను తట్టి లేపేది కిస్‌పెప్టిన్ అనే పదార్థం. 1996లో దాని జన్యువును కనిపెట్టింది అమెరికాలో చాక్లెట్లకు పేరుపొందిన హెర్షీ పట్టణంలో. అక్కడి చాక్లెట్ పేరే దానికి పెట్టారు! ఈడు రావడంలో దాని పాత్ర 2003లో పారిస్, బోస్టన్ బృందాలు విడివిడిగా తేల్చాయి.

ఒకసారి పదిహేడేళ్ల అబ్బాయిని తండ్రి తీసుకొచ్చాడు. మీసం రాలేదు, గొంతు మారలేదు. డాక్టరుగారు మిగతావేవీ అడగకుండా "బాబూ, మల్లెపూల వాసన తెలుస్తుందా?" అన్నారు. తెలియదన్నాడు. కాఫీపొడి వాసన కూడా తెలియదట. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మెదడులో ఆ సంకేతం పంపే కణాలు కడుపులో ఉండగా ముక్కు ప్రాంతంలో పుట్టి, వాసన నరాల వెంట మెదడులోకి నడిచి వెళతాయి. ఆ ప్రయాణం జరగకపోతే వాసనా ఉండదు, ఈడూ రాదు. దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. హార్మోన్ ఇంజెక్షన్లతో ఆ అబ్బాయికి మీసం వచ్చింది.

మామూలుగా ఎదిగే పిల్లల తల్లిదండ్రులకు ఉండే దిగులు వేరు. మాట వినడంలేదు, తలుపు వేసుకుంటున్నాడు, అద్దం ముందు నుంచి కదలడంలేదు, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఈ వయసులో హార్మోన్లు మెదడులో కోపం, భయం, కోరిక పుట్టే భాగాలను చప్పున కదిలిస్తాయి. ఆగి ఆలోచించే ముందు భాగం మాత్రం ఇరవై అయిదేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది. బండికి ఎద్దులు వచ్చేశాయి, పగ్గాలు ఇంకా పేనుతున్నారు. నిద్ర తెప్పించే మెలటోనిన్ కూడా వీళ్లకు రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పొద్దున లేవకపోవడమంతా బద్ధకం కాదు. అలాగని సెల్‌ఫోను చేతికిచ్చి పడుకోబెట్టమని మేము చెప్పడంలేదు.

మగపిల్లల్లో సగం మంది దాకా ఈ వయసులో రొమ్ము దగ్గర చిన్న గడ్డలా ఉబ్బుతుంది. ఒకటి రెండేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పక, చెరువులో చొక్కా విప్పడానికి సిగ్గుపడి ఆటలే మానేసిన పిల్లలున్నారు. నిద్రలో స్ఖలనం కావడం కూడా మామూలే. రోడ్డు పక్క గోడల మీద రాసి ఉండే 'రహస్య వ్యాధుల' వైద్యుల దగ్గరకు వెళ్లి డబ్బు పోగొట్టుకోవద్దు. తండ్రులు ఈ నాలుగు మాటలు కొడుకుతో చెప్పాలి. తల్లులు కూతుళ్లతో చెప్పినంత కూడా తండ్రులు కొడుకులతో చెప్పడంలేదని మా అనుభవం.

ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లకు రొమ్ములు రావడం, తొమ్మిదేళ్లలోపు మగపిల్లాడిలో ఈడు గుర్తులు కనిపించడం, పదమూడేళ్లకు ఆడపిల్లలోనూ పద్నాలుగేళ్లకు మగపిల్లాడిలోనూ ఏ గుర్తూ లేకపోవడం, పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోవడం – వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించండి. 'పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి' అనకండి. రొమ్ములు చక్కగా పెరిగినా రుతుస్రావం రాని కొందరు ఆడపిల్లల్లో పుట్టుకతో గర్భాశయమే ఉండదు. వారిలో కొందరి క్రోమోజోములు మగవి. ఒంట్లో టెస్టోస్టిరాన్ తయారవుతుంది గాని, శరీరం దాని మాట వినదు. అందుకే ఒళ్లూ మనసూ ఆడపిల్లగానే పెరుగుతాయి. చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా ఉండటం ఒక్కోసారి దీనికి గుర్తు. ఈ సంగతి దాచి పెళ్లి చేసి, ఏడాదికి పుట్టింటికి పంపించేశాక మా దగ్గరకు వచ్చిన అమ్మాయి ముఖం మాకు ఇప్పటికీ గుర్తే. ముందే తెలిసి ఉంటే పెళ్లి మాట ఆ అమ్మాయే ఆలోచించుకుని ఉండేది.

రోజుకు మూడు మాత్రలు

మన పాప విషయం. హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజుకు మూడుసార్లు, ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర విడిగా. పసితనంలో పాలతో పాటు డాక్టరు కొలిచి చెప్పిన ఉప్పు. ఇవి ఒంట్లో తయారుకాని హార్మోనును బయటి నుంచి ఇవ్వడం మాత్రమే. బయటి నుంచి అందితే పీయూష గ్రంథి తరమడం మానుతుంది, మగ హార్మోన్లు తగ్గుతాయి. మందు వాడకపోతే ఎముకలు త్వరగా ముదిరి పొట్టిగా ఉండిపోవడం, ముఖం మీద వెంట్రుకలు, రుతుస్రావం రాకపోవడం జరుగుతాయి. జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చినట్టు మోతాదు రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఇంజెక్షను ఇప్పించాలి.

పాపకు ఆరేళ్లప్పుడు ఒక పెళ్లింట్లో ఎవరో బంధువు "స్టెరాయిడ్లట గదా, పిల్ల ఒళ్లు పాడవుతుంది, మాన్పించు" అన్నాడు. మూడు రోజులు మాన్పించారు. నాలుగో రోజు రాత్రి స్పృహ లేకుండా తెచ్చారు. ఆ రాత్రి మళ్లీ పన్నెండు రోజుల బిడ్డప్పటి కథే. అప్పుడు మేము నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, "మామ్మగారూ, షుగరు ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఎట్లాగో మీ మనవరాలికి ఇది అట్లాగ. మీరు అన్నం మానేస్తారా?" అని అడిగాం. ఆమెకు చదువు రాదు. మర్నాడు ఇంటి నుంచి మూడు చిన్న స్టీలు డబ్బాలు తెప్పించింది. పొద్దున మాత్రలకు ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. అప్పటి నుంచి మాత్ర వేసే పని ఆమెదే. కోడల్ని 'ఏ పాపం చేసిందో' అన్న మనిషి, ఊళ్లో ఎవరైనా వాగితే "మా పిల్లకు మందు తక్కువైంది, మాట తక్కువ కాలేదు" అని సమాధానం చెప్పేదట.

తర్వాతి కాన్పుకు ఆ తల్లి ముందే వచ్చి చెప్పింది. బాబు పుట్టాడు. మూడో రోజు రక్తం తీసి పంపించాం. ఫలితం వచ్చేదాకా నాయనమ్మ వార్డు మెట్ల మీదే కూర్చుంది. బాబుకు జబ్బు లేదు.

పాప ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. పదమూడో ఏట పెద్దమనిషి అయ్యింది. తనకున్న జబ్బేమిటో పదేళ్లప్పటి నుంచి కొంచెం కొంచెంగా డాక్టరుగారు, తల్లి కలిసి చెప్పుకుంటూ వచ్చారు. ఆపరేషను సంగతి తనే నిర్ణయించుకుంటానంది, ఇంకా ఆలోచిస్తోంది. కిందటి నెల జ్వరంతో హాస్టలు నుంచి ఒక్కతే వచ్చింది. క్యాజువాలిటీలో కొత్త సిస్టరు వివరాలు అడుగుతుంటే, బ్యాగులోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. దాని మీద జబ్బు పేరు, మాత్రల మోతాదు, వాంతులైతే ఏ ఇంజెక్షను ఎంత ఇవ్వాలో తన చేత్తోనే రాసుకుంది. కింద డాక్టరుగారి సంతకం ఉంది. బ్యాగులో ఒక చిన్న స్టీలు డబ్బా కూడా ఉంది.